చవక మావయ్య పనిముట్లు

వీధంతా చవక మావయ్య అని పిలుచుకునే ఆయనకు ఒకటే జబ్బు. పనిముట్టు కొనాలంటే మలుపులో పట్టా పరుచుకుని అమ్మేవాడి దగ్గరే కొనాలి. అందులోనూ అన్నిటికంటే చవకదే ఏరుకోవాలి.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకోయ్?" అనేవాడు భార్యతో.

"మీరు తెచ్చే గొడ్డలికంటే నా గోరే గట్టిదండీ!"

అబద్ధం కాదు. ఆయన సుత్తి ఎత్తితే మేకు మేకులాగే ఉండేది, సుత్తి తల పక్కింటి పెరట్లో తేలేది. ఆయన రంపం చెక్కను కోయలేదు సరికదా, చెక్కే దాని పళ్లు రాలగొట్టింది.

ఏది విరిగినా బాల్కనీలోంచి ఒకటే కేక. "తాతా! కొంప మునిగింది, ఓసారి పైకి రా!"

కింది వాటాలో ముసలి వడ్రంగి ఉన్నాడు. వయసు మీదపడి కొట్టు మూసేశాక మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడడమే ఆయన పని. ఆ కేక వినగానే పనిముట్ల పెట్టె చంకనపెట్టి, తిట్టుకుంటూ ఎక్కేవాడు.

"దీన్ని స్క్రూడ్రైవరని ఎవడన్నాడు? చెవి గోక్కోడానికి కూడా పనికిరాదు!"

"అమ్మినవాడే అన్నాడు తాతా."

"అమ్మేవాడు అంటాడు. కొనేవాడికి బుద్ధుండొద్దూ?"

తిట్టిన కొద్దీ తాతకు వయసు తగ్గేది.

ఒకసారి వంటింటి అలమర తలుపు ఊడి ఒంటి మడతబందు మీద వేలాడింది. మలుపులో అమ్మేవాడు మూడు రోజులుగా రాలేదు. తలుపు వేలాడుతూనే ఉంది, తాత మెట్ల మీద కూర్చునే ఉన్నాడు.

"అది నా నెత్తిన పడేదాకా ఆగుతారా?" అని విసుక్కుని ఆవిడే స్టూలెక్కి అటక మీద వెతికింది. నూనెగుడ్డలో చుట్టిన పెట్టె ఒకటి దొరికింది. లోపల తళతళలాడే సుత్తి, రంపం, వరసగా ఆరు స్క్రూడ్రైవర్లు. చూస్తేనే తెలుస్తోంది, ఒక్కటీ చవకది కాదు.

"ఏవండీ! ఇవెవరివి?"

"మెల్లగా! తాతకి వినబడుతుంది." ఆయన గబగబా వీధి తలుపు మూశాడు. "నావే. పెళ్లికి ముందు కొన్నవి."

"మరి ఆ చెత్తంతా ఎందుకు కొంటున్నారు?"

"వీటితో అయితే ఐదు నిమిషాల్లో నేనే బిగించేస్తాను. ఊరికే రమ్మంటే తాత రాడు. స్క్రూ బిగించమంటే 'నీకు చేతుల్లేవా?' అంటాడు. పనిముట్టు విరిగిందంటేనే పెట్టె తీస్తాడు."

ఆవిడ పెట్టెను మళ్లీ గుడ్డలో చుట్టి అటకెక్కించింది. సాయంత్రం బజారంతా తిరిగొచ్చి ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవరు పెట్టింది.

"అడిగి మరీ తెచ్చాను. రెండు తిప్పులకే విరుగుతుందట."

ఒక్క తిప్పుకే విరిగింది. ఈసారి బాల్కనీలోకి పరుగెత్తింది ఆవిడే. "తాతా! కొంప మునిగింది!"

"ఏం కొన్నాడమ్మా మళ్లీ?"

"ఆయన కాదు, నేనే కొన్నాను!"

"నీకూ అంటుకుందా తల్లీ!" అంటూ తాత లేచాడు. తిట్లు ముందు, పెట్టె వెనక, గలగలమంటూ మెట్లెక్కి వచ్చాయి.