పరగడుపు గోలీలు

నిజామాబాద్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రంలో నేను ఫార్మసిస్టును. బోధన్ వైపు నుంచి చెరకు ట్రాక్టర్ల వెనక బైక్ నడుపుకుంటూ వస్తాను. మా డాక్టరమ్మ గురించి కొంచెం గొప్పగానే చెబుతాను, ఎవరేమనుకున్నా సరే.

ఆవిడ బల్ల మీద చికిత్సా మార్గదర్శకాల పుస్తకం ఉంటుంది. కంఠతా వచ్చిన విషయానికి కూడా తెరిచి చూస్తారు. "ఇన్నేండ్ల సంది చేస్తున్నరు గదా మేడం, ఇంకా పుస్తకమేంది?" అని ఒకసారి అడిగాను.

"పుస్తకం మారుతనే ఉంటది తమ్మీ. నా తలకాయనే పాత ముచ్చట పట్టుకొని కూసుంటది" అన్నారు.

కమ్మర్‌పల్లి దగ్గరి ఊరి నుంచి ఒకామె వచ్చేది. ఏడో నెల గర్భిణి. భర్తా మా దగ్గరే మందులు తీసుకుంటాడు. అత్తకు మాత్రం ఏదీ తెలియదు. ఆమె తెచ్చే సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టేది నేనే. ఎప్పుడూ తేడా రాలేదు. అయినా రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్షలో చాలా ఎక్కువ వచ్చింది. కాన్పులోగా అది తగ్గకపోతే బిడ్డకు సోకే ప్రమాదం పెరుగుతుంది.

నేను చదువుకున్న పద్ధతిలో లెక్క వేశాను. మాత్రలు తప్పలేదు, వైరస్ తగ్గలేదు, కాబట్టి మందు పనిచేయడం లేదు. "మందు మారుద్దామా మేడం?" అన్నాను.

"అడుగుడు ముందు, మార్చుడు ఆఖరుకు" అని ఆవిడ ఆమెను లోపలికి పిలిచారు.

వాంతులవుతున్నాయా, పసరు మందులు వాడుతున్నావా, ఇంకెవరికైనా మాత్రలు ఇస్తున్నావా అని ఒక్కొక్కటే అడిగారు. అన్నిటికీ లేదనే జవాబు.

"పొద్దుగాల గోలీలు ఎట్ల ఏసుకుంటవో చేసి సూపెట్టు. నేను మీ అత్తననుకో."

ఆమెకు నవ్వొచ్చింది. "మా అత్త గింత నిమ్మలంగ మాట్లాడది మేడం."

నవ్వాక చెప్పింది. పసుపు చేనికి పోయే ముందు, చాయ్ తాగే వేళ, అత్త ఎదురుగా కూర్చొని బలం గోలీలు మింగిస్తుందట. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్, కాల్షియం మాత్రల్లో మా మాత్రనూ కలిపి, అదీ బలం గోలీయే అని చెప్పి, అన్నీ ఒక్క గుటకలో మింగుతోంది. దాచడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ ఖాళీ కడుపున ఐరన్, కాల్షియం మా మందును పట్టేసుకుంటాయి. ఒంటికి అందేది తక్కువ.

"మా గోలీ వాటికి రెండు గంటల ముందన్నా, ఆరు గంటల తర్వాతన్నా ఏసుకోవాలె అక్కా" అన్నాను.

ఆమె మొహం వాడిపోయింది. "ఇంకోపారి మింగుతుంటే గదేం గోలీ అంటది సార్. పట్కొని మెడికల్ షాపుకు వోతది. గప్పుడు నేనేం గావాలె?"

డాక్టరమ్మ పుస్తకం నా వైపు తిప్పి, నేను చెప్పిన నియమం కిందే ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. భోజనంతో అయితే కలిపి వేసుకోవచ్చు. అది నేనూ చదివిందే. ఆమె ఇంట్లో అది పనికొస్తుందని మాత్రం తట్టలేదు.

"చాయ్ మీద వద్దు బిడ్డా. కడుపునిండ తిన్నంకనే ఏసుకో. పరగడుపున మింగితే డాక్టరమ్మ తిట్టిందని మీ అత్తకు చెప్పు."

"మీరు తిట్టిన్రంటే నమ్ముతది. నేనంటేనే నమ్మది."

కాన్పుకు ముందు మళ్లీ పరీక్ష చేయించాం. ఈసారి వైరస్ జాడ దొరకలేదు. నేను రిపోర్టు పట్టుకొని దాదాపు పరుగెత్తాను. డాక్టరమ్మ "మంచిగైంది" అని ఒక్క మాట అని, పుట్టబోయే బిడ్డకు ఇవ్వాల్సిన మందు కోసం అప్పుడే పేజీ తిప్పారు.

ఆడపిల్ల పుట్టింది. ఏ వయసులో ఏ పరీక్ష చేయాలని ఉందో, ఒక్కటీ వదలకుండా చేశాం. నడక వచ్చాక చేసిన ఆఖరి పరీక్షలో కూడా పిల్లకు వైరస్ లేదని తేలింది.

"మళ్ల దీన్నెప్పుడు తోల్కరావాలె మేడం?" అని అడిగింది తల్లి.

"నీ మందులకు నువ్వు రా. దీనికి మా తాన ఏం పని? అంగన్‌వాడికి తోలు."

తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈలోగా పిల్ల నా కౌంటర్ మీది ఖాళీ డబ్బాలన్నీ కింద పడేసింది. వాటిని ఏరుతూ నేను నవ్వుతూనే ఉన్నాను.