పొగమంచులో పద్నాలుగు బర్రెలు

నాకు దూరపు చూపు తక్కువని ఆ ఓడలో ఒక్కడికే తెలుసు. అతను బోరబండవాడు. డెబ్భైల చివర్లో మేమిద్దరం దక్షిణ సముద్రంలో ఒక విదేశీ సర్వే ఓడ మీద కిల్లర్ తిమింగలాలను లెక్కపెట్టే పనికి వెళ్ళాం. హైదరాబాదులో ఒకే తరగతిలో జంతుశాస్త్రం చదివాం. మా నాన్న సర్కారు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాడు. అతని ఇంట్లో బర్రెలుండేవి. కాలేజీకి వచ్చేముందు పాలు పిండి వచ్చేవాడు. కళ్ళద్దాలున్నవాళ్ళను ఆ పనికి తీసుకోరని తెలిసి, నేను నావి ఇంట్లోనే వదిలేశాను. కంటి పరీక్షలో నాకంటే ముందు అతను నిలబడి గోడ మీది అక్షరాలు చదివాడు. వెనక నుంచి విని బట్టీపట్టి, నా వంతు రాగానే అప్పజెప్పాను. అతను పగలబడి నవ్వాడు.

ఓడలో పని పైకి తేలిగ్గానే ఉండేది. స్తంభం చివర కట్టిన పీపాలో ఒకడు, కింద చుక్కాని గది కప్పు మీద ఒకడు నిలబడాలి. నల్లటి రెక్క నీళ్ళ పైకి లేచిందంటే అది ఏ దిక్కున, ఎంత దూరంలో, గుంపులో ఎన్ని అన్నది ఎవడి కార్డు మీద వాడు రాసి, తాళం వేసిన పెట్టెలో పడేయాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పీపాలో అతను, కింద నేను. పైవాడు చూసి కిందివాడు చూడనివి ఎన్ని, కిందివాడు చూసి పైవాడు వదిలేసినవి ఎన్ని అన్న తేడాను బట్టే, ఇద్దరికీ కనబడకుండా పోయినవి ఎన్నో అంచనా కట్టేవారు. మేం వదిలేసినవి కూడా వాళ్ళకు కావాలి. అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పీపా నుంచి కిందికి మాట వినబడే గొట్టం ఒకటి ఉండేది. మంచు గడ్డలు అడ్డం వస్తే చుక్కాని పట్టేవాడికి చెప్పడానికి పెట్టారు. దాని మూతి ఒకటి నేను నిలబడే చోటు పక్కన కూడా ఉండేది. మొదటి వారం నా కార్డులు ఖాళీగా వెళ్ళాయి. రెండో వారం అతణ్ణి బతిమాలాను.

"నువ్వు చూసింది కాస్త నాకూ చెప్పరా. లేకపోతే నన్ను దించేస్తారు."

"అద్దాలు ఇంట్ల పెట్టొచ్చి సముద్రం చూస్తనంటివి. ఏం మనిషివి వయా?" అన్నాడు. ఆ మర్నాడే గొట్టంలో వినబడింది: "మియాపూర్ దిక్కు ఏడు బర్లు. రెండు దున్నలున్నయ్. జర రాస్కో."

ఎడమ పక్క మియాపూర్, ఎదురుగా నిజాంపేట, కుడి పక్క బోరబండ. తిమింగలాలు బర్లు, వాటిలో పొడుగు రెక్కల మగవి దున్నలు. చుక్కాని పట్టేవాడు మా మాటలు విని నవ్వేవాడు, ఇంటి మీద బెంగతో ఏదో పాడుకుంటున్నామని అనుకునేవాడు. నా కార్డులు నిండాయి.

ఒక పొద్దున సముద్రం మీద పొగమంచు దట్టంగా పరుచుకుంది. కింద నాకు ఓడ ముక్కు కూడా కనబడలేదు. పీపా మాత్రం మంచుకు పైన, ఎండలో ఉంది. దూరాన మంచు విడిపోయిన చోట అతనికి నీళ్ళు కనబడుతున్నాయి. "నిజాంపేట దిక్కు పద్నాలుగు" అన్నాడు. నేను రాశాను. ఏళ్ళ తరబడి ఆలోచించినా, ఆ క్షణం నా చుట్టూ ఉన్న తెల్లటి గోడ నాకెందుకు గుర్తురాలేదో తెలియదు. వినడం, రాయడం అలవాటైపోయింది.

సర్వే పెద్దాయన రెండు కార్డులూ, చుక్కాని గది పుస్తకమూ ముందు పెట్టుకుని మమ్మల్ని పిలిపించాడు.

"ఆ గంట కింద ఏమీ కనబడటం లేదని ఇందులో రాసి ఉంది. మీరు పద్నాలుగు ఎలా చూశారు?" అని నన్ను అడిగాడు.

నా కళ్ళ సంగతి చెప్పాల్సిన చోటు అదే. నేను చెప్పింది ఇది: "పైనుంచి అతనే అరుస్తాడండి. నేను చెవులు మూసుకోలేను కదా."

పెద్దాయన అతని వైపు తిరిగాడు. అతను నా ముఖంలోకి చూసి, "గొట్టంలో చెప్పింది నేనే" అన్నాడు. ఎందుకు చెప్పాడో మాత్రం చెప్పలేదు. నేను చెబుతానని ఎదురుచూశాడని ఇప్పుడు అనిపిస్తుంది.

బయటికొచ్చాక, "గంత సాఫ్‌గ అప్పజెప్పినవ్. కండ్ల పరీక్ష లెక్కనే," అన్నాడు. ఇక ఆ ప్రయాణమంతా నాతో మాట్లాడలేదు.

అతణ్ణి పీపా నుంచి దించేశారు. బకెట్‌తో సముద్రపు నీళ్ళు తోడి వెచ్చదనం కొలిచే పనిలో పెట్టారు. మళ్ళీ పిలవదగినవాడు కాడని కాగితం రాశారు. గొట్టం మూసేశారు. పీపాలోకి నన్ను ఎక్కించారు.

ఒక మధ్యాహ్నం కింద బకెట్ పట్టుకుని నిలబడ్డ అతను తలెత్తి నన్ను చూశాడు. తర్వాత ఎడమ పక్కకు, మియాపూర్ దిక్కు, చాలాసేపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. నేనూ అటే చూశాను. బూడిదరంగు నీళ్ళు, వాటి మీద బూడిదరంగు ఆకాశం. అతను తల దించుకుని బకెట్ నీళ్ళలోకి వదిలాడు. ఆ రోజు నా కార్డు ఖాళీ. ఆ సముద్రంలో కిల్లర్లు పలచగా ఉన్నాయని ఆ ఏడాది రాసుకున్నారు. పలచబడింది నా చూపు.

మరుసటి వేసవి కూడా నన్ను పిలిచారు. ఈసారి పాతవాణ్ణన్న ధైర్యంతో అద్దాలు పెట్టుకునే వెళ్ళాను. ఎవరూ అడగలేదు. తిరిగొచ్చాక బోరబండ వెళ్ళాను. అతను బర్రెలను కడుగుతున్నాడు. ఏ ఉద్యోగానికి వెళ్ళినా ఆ కాగితం సంగతి అడుగుతున్నారని, ఇక ఉద్యోగాల కోసం తిరగడం మానేశానని చెప్పాడు. నా అద్దాలు చూసి, "అబ్బో, ఇప్పుడు మంచిగ కనవడుతుందా? ఎన్ని బర్లున్నయో చెప్పు," అన్నాడు.

లెక్కపెట్టి "పదకొండు" అన్నాను.

"పన్నెండు. గోడెన్క ఒకటుంది. నువ్వు నిలవడ్డ కాడికెల్లి కనవడదు."

చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చాడు. "నిన్ను తిట్టి ఏం జేస్త? ఒక్క చిట్టి రాయి గా పెద్దాయనకు. కండ్లు నీవి కరాబున్నయని, అడిగింది నువ్వేనని. గంతే. ఇంగ్లీషుల నువ్వే మంచిగ రాస్తవ్."

"రాస్తాను," అన్నాను.

ఇంటికెళ్ళి కాగితం తీశాను. బల్ల మీద మూడో వేసవికి రమ్మని వచ్చిన పిలుపు ఉంది. ముందు దానికి జవాబు రాశాను, వస్తున్నానని.