కకిరిగుమ్మ రోడ్డు, రవణమ్మ చింతగింజలు

కోరాపుట్ నుంచి రాయగడ వెళ్లే రోడ్డు మీద నాకున్న కోపం చాలా పాతది. అక్క కాపురం కోరాపుట్‌లో, నా బడి ఉద్యోగం రాయగడ దాటాక పార్వతీపురంలో. తొంభైలలో ఏడాదికి నాలుగుసార్లయినా ఆ బస్సెక్కేదాన్ని, ఎక్కిన ప్రతిసారీ ఏదో ఒక మలుపులో కడుపు ఖాళీ చేసుకునేదాన్ని. దిగగానే మా బావ మీద విరుచుకుపడేదాన్ని, ఎందుకంటే ఆయన రోడ్ల ఇంజినీరు. వాళ్ల తాతలు జయపురం సంస్థానంలో దస్త్రాలు రాసినవాళ్లు, ఆ కాగితాల పిచ్చి ఈయనకీ వచ్చింది. 2004 నవంబరులో ఆ రోడ్డు వెడల్పు చేసే పథకం రాసే పని ఆయన మీదే పడింది. "ఇన్నాళ్లూ తిట్టేవు కదా అమ్మీ, రా, ఎక్కడ ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు" అన్నాడు. ఇలాంటి మాట పడ్డాక ఆగే మనిషిని కాదు నేను.

పొద్దున్న ఆరింటికి ఆఫీసు జీపులో బయలుదేరాం. నడిపేది సాలూరు మనిషి సింహాచలం. మీరు బస్సులో వెళ్తే అప్పట్లో టికెట్టు యాభై రూపాయల చిల్లర, ప్రయాణం నాలుగు గంటల పైమాటే. రైలు కూడా ఉంది కానీ దాంట్లో సగం అందాలు సొరంగాలకే పోతాయి. మంచు విడుతుంటే రెండు పక్కలా నూనె గింజల వలిసె చేలు పచ్చటి పూలతో బయటపడ్డాయి. వాటి మధ్యలోంచే కొత్త రేకుల షెడ్లు, ఇటుకల గుట్టలు, సిమెంటు దుకాణాలు. పోయిన ఏడు పొలమున్నచోట ఈ ఏడు పెట్రోలు బంకు. ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ ఎన్ని బళ్లు తిరుగుతాయో ఇవాళే ఊహించి గీత గియ్యాలట. మా ఇంట్లో వచ్చే నెల పప్పులు ఎన్ని కావాలో నేను ఊహించలేను. ఎంత వేళాకోళం చేసినా, మోకాళ్ల మీద మ్యాపు పరుచుకుని ఒక్కో మలుపుకీ గుర్తు పెట్టుకుంటున్న బావని చూస్తే నాకు గర్వంగానే ఉంది.

ఆయన దగ్గర ఇంకో కాగితం కూడా ఉంది. దారి మధ్యలో వారానికోసారి సంత జరిగే కకిరిగుమ్మ దగ్గర వారం రోజులు కూర్చుని ఆయన మనుషులు బళ్లు లెక్కపెట్టిన పట్టీ. లారీ, బస్సు, జీపు, స్కూటరు, సైకిలు, ఎడ్లబండి, ఒక్కోదానికి ఒక్కో గడి. చూస్తే అన్నిటికన్నా తక్కువ బళ్లు తిరిగింది సంత రోజున. "ఇదేంటి బావా, సంత రోజే రోడ్డు ఖాళీనా?" అన్నాను. ఆయన నోరు తెరిచేలోగా సింహాచలం అందుకున్నాడు. "సంత రోజు లారీలోళ్లు ఇటు రారమ్మా. ముందురోజే దాటేస్తారు. వచ్చేరంటే మధ్యాన్నం దాకా ఇరుక్కుపోడమే."

మేం వెళ్లింది కూడా సంత రోజే. ఎనిమిదింటికి కకిరిగుమ్మ చేరేసరికి సింహాచలం మాట కళ్ల ముందుంది. కొండల మీంచి జనం దిగుతున్నారు. తలల మీద అల్లం గంపలు, భుజాల మీద కావిళ్లు, కొండచీపుళ్ల మోపులు, అడ్డాకుల కట్టలు. తారు అంచు పట్టుకుని ఒకరి వెనక ఒకరు, తెగకుండా వరస. జీపు అక్కడే వదిలేసి మలుపులో ఉన్న రవణమ్మ హోటల్‌కి నడిచాం. రవణమ్మ వాళ్లు బొబ్బిలి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. లోపల పొయ్యిలకి తప్ప చోటు లేదు, తినేవాళ్లందరికీ బయట అరుగే. ఆ అరుగే ఆవిడ బతుకు. ఇడ్లీ ప్లేటు ఐదు రూపాయలు, అల్లం పచ్చడికి మాత్రం పది ఇచ్చినా తప్పులేదు.

ఆవిడ ఇడ్లీలు తీస్తూనే మధ్యమధ్యలో రోడ్డు వైపు చూసి ఒక డబ్బాలో చింతగింజ వేస్తోంది. ఏమిటని అడిగాను.

"పదిమంది దాటితే ఒక గింజ అమ్మీ. తొమ్మిదింటికి గింజలు సూసి ఎసట్లో బియ్యం పోత్తాను. ఇరవై ఏళ్లయినాది, సాల్లేదన్న మాట లేదు." తర్వాత బావ వైపు తిరిగింది. "ఏటి బాబూ, మీవోళ్లు వారం రోజులు ఈ అరుగు మీదే కూకుని గీతలు గీసేరు. లారీ వస్తే గీత, స్కూటరొస్తే గీత. ఈళ్లకి గీత లేదేటి?"

"నడిసేవోళ్లకి కాగితంలో గడి లేదమ్మా."

"గడి లేపోతే మనుషులు లేరేటి? పోయినేడు ఇదే మలుపులో సీపుళ్ల మోపుతో వత్తన్న పిల్లని లారీ గుద్దీసినాది. కాలు పోయినాది. మళ్లీ సంతకి రాలేదు."

బావ డబ్బా అడిగి తీసుకుని గింజలు అరుగు మీద పోసి లెక్కపెట్టాడు. అరవై మూడు. ఇంకా తొమ్మిది కాలేదు. జేబులోంచి పెన్ను తీసి పట్టీ అంచున, స్కేలు కూడా లేకుండా, కొత్త గడి ఒకటి గీశాడు. ఒక హోటలు అరుగు మీద కూర్చుని తన పట్టీ తప్పని ఒప్పుకున్న ఆఫీసరుని నేను చూడడం అదే మొదటిసారి.

గడి గీయడం తేలికే, నేల దొరకాలి కదా. సింహాచలం టేపు పట్టుకున్నాడు. రోడ్డుకి అటు లోయ. ఇటు రవణమ్మ అరుగు. రోడ్డు వెడల్పు కోసం ఇంతకుముందు కొట్టిన గుర్తు మేకు ప్రకారం అరుగు ముందున్న పందిరి ఒక్కటే పోతుంది. నడకదారి వెయ్యాలంటే ఇంకో ఐదడుగులు కావాలి. బావ టేపు చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు.

"అమ్మా, నడకదారి ఏస్తే నీ అరుగు మొత్తం పోద్ది. తొందరేం లేదు, ఆలోసించుకో."

రవణమ్మ కొంగుకి చేతులు తుడుచుకుని కిందకి దిగింది. కాసేపు అరుగునే చూసింది. తర్వాత వంగి మేకు పీకి, తన గడప ముందు నిలబెట్టి, రాయితో తనే కొట్టింది. "ఇక్కడ రాసుకో బాబూ" అంది.

మేం రాయగడ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆ రోజు దారిలో నాకు ఒక్కసారి కూడా వాంతి కాలేదు. రోడ్డు భవిష్యత్తంటే మ్యాపులూ, యంత్రాలూ, పెద్ద ఆఫీసులూ అనుకునేదాన్ని. అవన్నీ కావాలి, బావలాంటి వాళ్ల కష్టం చిన్నది కాదు. కానీ తన బతుకులోంచి ఐదడుగులు తీసి పక్కవాళ్ల నడకకి ఇచ్చిన మనిషి ముందు నాకు చేతులు జోడించాలనిపించింది, అక్కణ్నుంచి బయలుదేరే ముందు జోడించాను కూడా. అయిదేళ్ల తర్వాత మొన్న మళ్లీ ఆ దారిన వెళ్లాను. మలుపులో నడకదారి ఉంది, దాని మీద జనం వరస ఉంది, వాళ్ల పక్కనుంచే లారీలు ఎవరినీ తాకకుండా పోతున్నాయి.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్కటే సలహా: సంత ఏ వారమో ముందుగా కనుక్కుని, ఎనిమిదింటికల్లా కకిరిగుమ్మలో ఉండండి. రవణమ్మ హోటల్లో కూర్చోడానికి చోటుండదు. ఎందుకు లేదని అడగకుండా, నిలబడే తినండి.