పెద్దబాయి శాలువా మీద నా ఇస్త్రీ

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరు ఏ పని గురించి మాట్లాడుకుంటున్నా, అడగకముందే "నాకొస్తది" అనేసేదాన్ని. జొన్నరొట్టె చేయడం వస్తుందన్నాను, మరాఠీ వస్తుందన్నాను. అవన్నీ ఏదో రకంగా గడిచిపోయాయి. ఇస్త్రీ మాత్రం గడవలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నిర్మల్‌లో ఆడపిల్లల బడిలో కొత్త ఉద్యోగం, మా పెద్దమ్మ ఇంట్లో మకాం. నా నూలుచీరలకు గంజి పెట్టి, ఇత్తడి ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి నేనే ఇస్త్రీ చేసుకునేదాన్ని. ఆ మడతలు చూసి తోటి టీచర్లు మెచ్చుకోవడంతో, లోకంలో ఉన్నవన్నీ నూలుబట్టలే అన్నంత ధీమా వచ్చేసింది.

మా హెడ్‌మిస్ట్రెస్‌ను అందరం పెద్దబాయి అనేవాళ్లం (మహారాష్ట్ర దగ్గర కావడంతో అక్కడ పంతులమ్మలంతా బాయిలే). భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె నవ్విన రోజు మాకు పండుగ. ఆమెకొక కాశ్మీరు శాలువా ఉండేది. మీగడ రంగు, చేతుల్లోకి తీసుకుంటే పావురాన్ని పట్టుకున్నట్టుండేది. ఏడాదికోసారి, చలికాలంలో వచ్చే బడి వార్షికోత్సవానికి మాత్రమే అది పెట్టెలోంచి బయటపడేది. ఆ ఏడు తీసి చూస్తే నిండా ముడతలు. "గీ ముడుతలు ఎట్ల పోవాలె?" అని ఆమె తనలో తాను అనుకున్నారు. నన్నడగలేదు. అయినా నా నోరు ఊరుకుంటుందా?

"నాకియ్యుండ్రి బాయీ, అద్దం లెక్క జేసి తెస్త."

"గిది ఉన్నిబట్ట. నీకొస్తదా?"

"మంచిగొస్తది!"

మర్నాడు ఉత్సవమనగా, మధ్యాహ్నం పూట వసారాలో దుప్పటి పరిచి కూర్చున్నాను. ఇస్త్రీపెట్టె అడుగున తడివేలు ఆనించి, చుర్రుమన్నాకే (అది నూలుకు పరీక్ష) శాలువా మీద పెట్టి బలంగా ఒత్తాను. వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది: "ఏందే, ఎవలి ఎంటికెలు కాలుతున్నయ్?"

పెట్టె ఎత్తి చూస్తే, దాని మొన ఆకారంలోనే చాయ్ రంగు మరక. మధ్యలో వేలు దూరేంత చిల్లు. పెద్దమ్మ వచ్చి చూసి, "ఉడుకునీళ్లల్ల సబ్బేసి గట్టిగ పిసుకు, మరకన్న పోతది" అంది. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఒక నిమిషం ఆలోచిస్తారు. నేను చెయ్యి ఓర్చేంత వేడినీళ్లలో ముంచి, శక్తికొద్దీ పిసికి, తాడులా మెలిపెట్టి పిండాను. దులిపి చూస్తే శాలువా లేదు. తువ్వాలంత గుడ్డ ఒకటి, గొంగడిలా దళసరిగా, నా చేతిలో వేలాడుతోంది. మరక మాత్రం చెక్కుచెదరలేదు.

కొంగు కింద దాచుకుని బజారుకు పరుగెత్తాను. చిరిగిన బట్టల్లో పోగుకు పోగు కలిపి రఫూ చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. అందరికీ ఆయన చాచాయే. గుడ్డను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, కోపం కూడా తెచ్చుకోలేదు.

"బేటీ, గిది ఉత్త బట్ట గాదు, మేక ఎంటికె. నీ ఎంటికెల మీద గట్ల ఇస్త్రీ పెట్టుకుంటవా? పల్చని గుడ్డ తడిపి, పిండి, దీని మీద పరువాలె. పెట్టె జర సల్లారినంక పైపైన అద్దాలె, రుద్దొద్దు. కడిగితే సన్నీళ్లు, కుంకుడు నురుగు. పిండొద్దు. నీడకు మంచం మీద పరిచి ఆరబెట్టాలె."

అన్నీ నేను చేయనివే. "ఇప్పుడేం జెయ్యాలె చాచా?" అన్నాను ఏడుస్తూ.

"కాలినదానికి రఫూ ఉన్నది. ముడుసుకున్నదానికి లేదు బిడ్డా."

ఆ సాయంత్రం పెద్దబాయి ఇంటికి వెళ్లడం కన్నా గోదాట్లో దూకడం సులువనిపించింది. గుడ్డను ఆమె ముందు పెట్టాను. ఆమె మడత విప్పారు. ఇంకా విప్పబోయారు. విప్పడానికి ఇంకేం లేదు.

"గిదేనా?"

"గిదే బాయీ."

గుడ్డను చేత్తో నిమిరారు. "కాశ్మీరు పోయినప్పుడు ఆయన తెచ్చిండు. మల్ల యాడికీ పోలే" అన్నారు. తర్వాత, "పో. రేపు పిల్లల పాటలు మంచిగ చూసుకో" అన్నారు. తిట్టి ఉంటే ఆ రాత్రి కాస్త తిండి తినేదాన్ని.

ఉత్సవంలో ఈదురుగాలికి ఆమె చీరకొంగు భుజాల చుట్టూ బిగించుకుని, చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నారు. పిల్లలు పాడుతుంటే రెండో చరణం అందించాల్సిన నేను ఆమె భుజాలనే చూస్తూ అందించడం మరిచాను. పిల్లలు మొదటి చరణమే మూడుసార్లు పాడారు.

వారం తర్వాత పెద్దబాయి ఆ గుడ్డను మెడకు మఫ్లర్‌లా చుట్టుకుని బడికొచ్చారు. చాచా చేత చిల్లు రఫూ చేయించారట. నేను బిక్కచచ్చి నిలబడితే, "పెద్దగున్నప్పుడు యాడ ఖరాబైతదో అని పెట్టెల దాస్తుంటి. ఇగ గా ఫికర్ లేదు" అన్నారు. నవ్వినట్టే అనిపించింది, కానీ ఒట్టేసి చెప్పలేను. చలికాలమంతా రోజూ దాన్నే చుట్టుకున్నారు. పొద్దున ప్రార్థనకు వెళ్లేటప్పుడు నేను రోజూ ఆమె వెనకే నడవాల్సి వచ్చేది. మెడ వెనక ఆ చాయ్ రంగు మొన నా వైపే గురిపెట్టి ఉండేది. మూడు చలికాలాలు అలా గడిచాక నాకు మంచిర్యాలకు బదిలీ అయింది. బండెక్కిన రోజున బడిని వదిలినందుకు కాదు, ఆ మరకను వదిలినందుకు ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణమే ఏడుపొచ్చింది.

ఇప్పుడు నేను అప్పటి పెద్దబాయి కన్నా పెద్దదాన్ని. తడిగుడ్డ పరిచి ఉన్నిబట్టలు అద్దుతున్నప్పుడల్లా, కొంగు కింద తడిమూట దాచుకుని నిర్మల్ బజార్లో రొప్పుతూ పరుగెత్తుతున్న ఒక పిల్ల కనిపిస్తుంది. "ఎంత ఉరికినా గా గుడ్డ పెరగదే, జర మెల్లగ పో" అని కేకేయాలనిపిస్తుంది. ఆ పిల్ల వినదు. విన్నా, నాకు తెలుసులే అంటుంది.