చింతపండుతో తోమిన బిలియర్డ్స్ కర్ర

మొన్న ప్రొద్దుటూరులో మనవడు పూల్ ఆడే కర్రను పొడిగుడ్డతో తుడుస్తుంటే నాయన గుర్తొచ్చాడు.

నాయన అక్కడి క్లబ్బులో బిలియర్డ్స్ కర్రలు చూసుకునేవాడు. వేడెక్కేదాకా పొడిగుడ్డతో రుద్దేవాడు, నీటిచుక్క తగలనిచ్చేవాడు కాదు. ఆదివారం ఆ గుడ్డ నాకిచ్చేవాడు. నాకదే పండగ.

ఆయన జమ్మలమడుగు పోయిన రోజు, నా జతగాడు ఓబులేసు వాళ్లింట్లోంచి చింతపండు తెచ్చాడు.

"రాగిచెంబు మాదిరి మెరుస్తాది రా. మీ నాయన శానా మెచ్చుకుంటాడు."

ఇద్దరం ఒక కర్రను తోమి, కడిగి, ఎండలో పెట్టాం. సాయంత్రానికి అది వంగిపోయింది.

నాయన అడిగితే ఓబులేసు, "నేను వద్దంటానే ఉండా మామా, వీడే ఇనల్యా" అన్నాడు. మళ్లీ ఆ గుడ్డ నా చేతికి రాలేదు.

మన ఈడువాళ్లకు ఆ క్లబ్బు గుర్తుండే ఉంటుంది. ఓబులేసూ, నువ్వూ ఇది చదువుతావు. ఆ చింతపండు ఎవరింటిదో ఇప్పుడన్నా చెప్పప్పా.