పన్నెండంగుళాల స్పీకర్లో గరగర

1964. జగ్గయ్యపేటలో నాది చిన్న రేడియో రిపేరు షాపు. ఒకరోజు నందిగామ నుంచి సుబ్బారాయుడు గారు వచ్చారు. అన్నగారితో కలిసి పప్పుల హోల్‌సేల్ కొట్టు నడిపే మనిషి. చిన్నప్పుడు నాలుగేళ్లు మృదంగం నేర్చుకుని, కొట్లో కూర్చోవలసి వచ్చి మానేశారట. మామూలు రేడియో వద్దన్నారు. రికార్డు పెడితే మృదంగం ఎడమ చేతి దెబ్బ విద్వాంసుడి ఎదురుగా కూర్చుని విన్నట్టు ఉండాలన్నారు.

ఆయన కోసం పుష్-పుల్ ఆంప్లిఫయర్ కట్టాను. రెండు గాజు వాల్వులు బరువును చెరిసగం పంచుకునే పద్ధతి అది, శబ్దం పెంచినా చెదరదు. మద్రాసు నుంచి పన్నెండంగుళాల స్పీకర్ తెప్పించి, టేకు చెక్కతో పెద్ద పెట్టె చేయించాం. ఆ ఖర్చుతో జత ఎడ్లు వచ్చేవని అన్నగారు కోటయ్య గారు వీధంతా వినేలా అన్నారు. సుబ్బారాయుడు గారు సిగరెట్లు మానేసి మరీ కూడబెట్టారు. అలాంటి పని మళ్ళీ దొరకదని నాకూ తెలుసు, నా ఉత్సాహానికి పట్టపగ్గాలు లేవు.

బిగించే రోజు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు అప్పుడే పసుపు కలిపిన అక్షింతలు పళ్ళెంలో తెచ్చారు. స్పీకర్ ఇంకా చాప మీద బోర్లా, తెరిచి ఉన్న వెనక వైపు పైకి ఉంది. తలా గుప్పెడు వేశారు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, మా ఇళ్ళల్లో ఆ అలవాటు లేదు. అయినా ఆవిడ పళ్ళెం చాపితే కాదనలేక నేనూ వేశాను. పైకి కనిపించిన గింజలు దులిపేసి స్పీకర్ని పెట్టెలో బిగించాను. మృదంగం మోగింది. సుబ్బారాయుడు గారి వేళ్ళు మోకాలి మీద తాళానికి ఆడాయి.

నాలుగో రోజున కబురొచ్చింది. ఎడమ చేతి దెబ్బ పడ్డప్పుడల్లా గరగరమంటోందట.

వాల్వులు మార్చాను, కండెన్సర్లు మార్చాను. ఆంప్లిఫయర్ని బస్సులో పేటకు తెచ్చి నా షాపు స్పీకర్‌కి కలిపితే శుభ్రంగా పాడింది. నందిగామలో మళ్ళీ గరగర. మద్రాసు నుంచి వచ్చిన కొత్త స్పీకర్ని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. పెట్టె అదురుతోందని వడ్రంగి మీద ఎగిరాను. అలా రెండు వారాలు గడిచాయి.

"ఏవయ్యా దానం, ఇంకెన్నాళ్ళు? ఆదివారం బెజవాడ నుంచి బేరగాడొస్తున్నాడు, ఇచ్చేస్తాం" అన్నారు కోటయ్య గారు. ఉమ్మడి ఇల్లు, ఆయన మాటే చివరి మాట.

"ఆ దెబ్బ సరిగ్గా వినేదాకా ఇది గడప దాటదన్నయ్యా" అన్నారు సుబ్బారాయుడు గారు. ఆయన అన్నగారికి ఎదురుచెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

శనివారం పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఇవాళ తేలేదాకా లేచేది లేదనుకున్నాను. ఇన్‌పుట్ తీగను వేలితో తాకితే స్పీకర్లోంచి బుయ్‌మని హమ్ వస్తుంది, మా మెకానిక్కుల పాత కిటుకు. ఒక చేత్తో ఆ హమ్ తెప్పిస్తూ, రెండో అరచేతిని స్పీకర్లో శబ్దానికి అదిరే కాగితం గరాటు మీద ఆన్చాను. కాగితం వెనక ఏదో టకటకా ఎగురుతోంది. మరలు విప్పి స్పీకర్ని వెల్లకిలా తిప్పి తట్టాను. మూడు పసుపు గింజలు నా చేతిలో రాలాయి. తడి పసుపుతో కాగితానికి అంటుకున్నవి, ఆరాక ఊడి చిందులేస్తున్నాయి.

"ఏం దొరికిందయ్యా?" అన్నారు గుమ్మంలోంచి కోటయ్య గారు.

గుప్పిట మూశాను. శకునాల మనిషి ఆయన, అక్షింతలంటే ఏమంటారో తెలుసు. మర వదులైందంటే సరిపోయేది. కానీ రెండు వారాలుగా నన్ను నమ్మి కూర్చున్న మనిషి పక్కనే ఉన్నాడు. సిగ్గేసి గుప్పిట తెరిచాను.

"చూశావా తమ్ముడూ! అక్షింతలే అడ్డం తిరిగాయి. ఇది మనింటికి అచ్చిరాదు."

"అది కాదండీ. సరిగ్గా దులపకుండా బిగించా. తప్పు నాది" అన్నాను.

లోపలి నుంచి రాజ్యలక్ష్మమ్మ గారు వచ్చారు. "బావగారూ, అక్షింతలు నెత్తిన వేస్తారు గానీ గొంతులో పోస్తారా? మనం చేసిన పనికి దాన్నంటే ఎలాగండీ?"

నేను మళ్ళీ బిగించి రికార్డు పెట్టాను. ఎడమ చేతి దెబ్బ గుండ్రంగా, నిండుగా వచ్చింది. సుబ్బారాయుడు గారు కళ్ళు మూసుకున్నారు, చెంపల మీద నీళ్ళు తుడుచుకోలేదు.

"జత ఎడ్లొచ్చేవి" అని గొణుగుతూనే కోటయ్య గారు కుర్చీ లాక్కుని, రికార్డు అయ్యేదాకా కూర్చున్నారు. బేరగాడికి రావద్దని కబురు కూడా ఆయనే పంపారు.

ఆ రెండు వారాలూ వాల్వుని, వడ్రంగిని, అందర్నీ అనుమానించాను, నా చేతిని తప్ప. అప్పట్నుంచి ఏ సెట్టు రిపేరుకొచ్చినా, అంతకుముందు దాని మీద నేనేం చేశానో మొదట గుర్తు చేసుకునేవాణ్ణి. ఎవరింట్లో అక్షింతల పళ్ళెం చాపినా కాదనలేదు. ముందు స్పీకర్ మీద తువ్వాలు కప్పి, తర్వాతే గుప్పిట తెరిచేవాణ్ణి.