కాలి కుట్లు

నాన్నకు గుండె ఆపరేషన్ చేయించింది ఆయన బతకాలని మాత్రమే కాదు, కొండ ఎక్కాలని. మా కాఫీ తోట ఏటవాలు మీద ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు ఏడాది సగం దూరం ఎక్కేసరికే ఆయాసం వచ్చి, సిల్వర్ ఓక్ చెట్టుకు ఆనుకుని కూలబడేవాడు. అన్నిటికన్నా పైనున్న కాఫీ మొక్కలు ఆయన తన చేతులతో నాటినవి. వాటి దగ్గరికి మళ్లీ తన కాళ్లతో వెళ్లాలని ఆయన పట్టు. విశాఖపట్నంలో డాక్టరును ఒక్కటే అడిగాడు, "కోసినాక కొండెక్కగల్నా బాబూ?" అని. ఎక్కవచ్చు అన్నాకే ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఛాతీ మధ్యలో నిలువునా ఒక కోత. కాలి లోపలి వైపు, చీలమండ నుంచి మోకాలి దాకా ఇంకో కోత. అక్కడి నుంచి రక్తనాళం తీసి గుండెకు వేశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ రెండింటి గురించీ చెప్పింది. రోజూ సబ్బుతో కడగాలి, పొడిగా ఉంచాలి, పసర్లూ పొడులూ ఏవీ పెట్టకూడదు, ఎర్రబడినా నీరు కారినా వెంటనే రావాలి, షుగరున్న మనిషి కాబట్టి మరీ జాగ్రత్త అంది. అందరం తలలూపాం. ఘాట్ రోడ్డు ఎక్కి అరకు చేరేసరికి మా బుర్రల్లో ఛాతీ ఒక్కటే మిగిలింది.

ఆ ఛాతీకి అమ్మ కాపలా కాసిన తీరు చెబితే నమ్మరు. గడప దగ్గర బిందెడు నీళ్లూ కొత్త సబ్బూ పెట్టింది. చేతులు కడుక్కోకుండా ఎవరూ లోపల అడుగు పెట్టడానికి లేదు. ఊరి పెద్దను కూడా గడపలోనే ఆపేసింది. "పెళ్లోరికి కూడా ఇన్ని నీళ్లు పొయ్యనేదు గదే" అని నవ్వుతూనే ఆయన మోచేతుల దాకా రుద్దుకున్నాడు. మేకలు పక్కింటికి పోయాయి. దుప్పట్లు మరిగే నీళ్లలో పడ్డాయి. నాన్న దగ్గితే చాలు, దిండు ఛాతీకి అదుముకోమని వంటింట్లోంచి అరిచేది. సెలవు పెట్టి వచ్చిన కూతురినని కూడా చూడకుండా నన్నూ కసిరేది. నాకు ఒళ్లు మండేది. కానీ పొద్దున్నే ఆ కుట్లు పొడిగా, శుభ్రంగా కనిపిస్తే గర్వంగానూ ఉండేది.

కాలిని ఎవరం పట్టించుకోలేదు. మా కొండల్లో కాలికి దెబ్బ తగలని మనిషి ఉండడు. కొడవలి గీసుకుంటుంది, ముల్లు దిగుతుంది, జలగ పడుతుంది. గాయపాకు కోసి, అరచేతుల్లో నలిపి, పసరు పిండుకుని పనిలోకి పోతాం. ఆ ఆకు పిండడంలో నాన్నది మంచి చెయ్యి అని పేరు. ఆయన పిండితే చీము పట్టదని పక్క ఊళ్లవాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు కాలి కుట్లు దురద పెట్టాయి. నాన్న మెల్లగా పెరట్లోకి నడిచి, మంచుకు తడిసిన గడ్డిలోంచి ఆకు కోసుకుని, నలిపి, కాలి పొడవునా పిండుకుని, పాత గుడ్డ చుట్టుకున్నాడు. దొంగచాటుగా కాదు, మా కళ్ల ముందే.

"ఏటి సేత్తన్నావు?" అంది అమ్మ.

"కాలికేనే. గుండెకి కాదు."

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. మంచం దిగడానికే భయపడిన మనిషి తన ఆకు తాను కోసుకున్నాడంటే ఇక కోలుకున్నట్టే అనుకున్నాం. ఆ పూట ఇల్లంతా సంబరంగా ఉంది.

తర్వాత జ్వరం వచ్చింది. అమ్మ ముందుగా నాన్న చొక్కా విప్పి చూసింది. ఛాతీ చక్కగా ఉంది. హమ్మయ్య అనుకున్నాం. ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియానే కదా, ఆశా కార్యకర్తను పిలిచి వేలు పొడిపించాం. మలేరియా కాదంది. మంచుకు వచ్చిన జ్వరమన్నారు ఇరుగుపొరుగువాళ్లు. తగ్గుతూ, పెరుగుతూ ఉన్న ఆ జ్వరంతో ఇంకొంత కాలం పోయింది. ఇంట్లో ఏదో వాసన వస్తుంటే నేను మంచం కింద చచ్చిన ఎలుక కోసం వెతికాను. ఎలుక లేదు. కాలి గుడ్డ విప్పితే కుట్లు విచ్చుకుని, లోపలంతా చీము.

బేగి బండి పిలవండ్రా అని అమ్మ వీధిలోకి పరుగెత్తింది. విశాఖలో డాక్టరు కూడా ముందు ఛాతీనే చూశాడు. "చాలా బాగా మానింది. ఎవరు చూసుకున్నారు?" అన్నాడు. అమ్మ కాలి వైపు చూపించింది.

కుళ్లిన కండ తీసేశారు. తొడ మీది చర్మం తెచ్చి అతికారు. విషం గుండె దాకా పాకలేదు, అదృష్టమన్నారు. అదృష్టమే, కాదనను. కానీ మానిన చర్మం బిగుసుకుపోయి చీలమండ వంగడం లేదు. చదును నేల మీద కర్రతో నడుస్తాడు. ఏటవాలు ఎక్కలేడు.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియదు. ఆకు మీదా? చిన్నప్పటి నుంచీ నా గాయాలన్నీ దానితోనే మానాయి. అమ్మ మీదా? ఆ సబ్బూ నీళ్లూ ఛాతీ దగ్గర ఆగిపోకుండా ఇంకో మూరెడు కిందికి వెళ్లి ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఎవరైనా తెగిన వేలితో వస్తే, సబ్బెట్టి కడుక్కుని ఆస్పత్రికి పొమ్మంటాడు నాన్న. వాళ్లు హాస్యమనుకుని చెయ్యి చాపుతారు. ఆయన తన చేతులు వెనక్కి పెట్టుకుంటాడు.

ఈసారి కాఫీ పండ్ల కోత మొదలైనప్పుడు పైకి వెళ్లి ఆయన మొక్కల పండ్లు దోసెడు కోసుకొచ్చాను. కొండ అడుగున బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక పండు నోట్లో వేసుకుని, తీపి చప్పరించి, గింజ ఊశాడు. చాలాసేపు పైకే చూశాడు.

"ఆయాసం వస్తోందా నాన్నా?" అన్నాను, ఏదో ఒకటి అడగాలని.

ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇప్పుడు ఆయాసం రాదే గుంటా," అన్నాడు. "ఎక్కితే గదా వచ్చీది."